ఎడమచేతి ఉలిగాటు

వ్లదీమిర్ పట్టణం, రష్యా
24 సెప్టెంబరు 2025, బుధవారం

ఆళ్లగడ్డ శిల్పి చెన్నకేశవులు అన్నకు లూదియా టీచరు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, కమలాక్షమ్మ వదిన, అమ్మాయి అర్చన క్షేమమని తలుస్తాను. ఉత్తరం మొదట్లో క్షేమం రాయాలని ఇరవై ఏడేళ్లుగా నంద్యాల బడిలో పిల్లలకు బోర్డు మీద రాసి చూపిస్తున్నదాన్ని కనుక నేనూ రాశాను. కానీ మన ఇద్దరికీ కావలసినవాడు ఒకడున్నాడు. వాడి క్షేమం తెలియకనే ఈ ఉత్తరం.

అవునన్నా, ఆ లూదియానే. రెండేళ్ల కిందట మీ శిల్పశాలకు వచ్చి, పనివాళ్లందరి ముందర, మా తమ్ముడు అజయ్ కుమార్‌ను ఇక బొమ్మలు చెక్కనివ్వనని అరిచిపోయిన మనిషినే. పద్నాలుగేళ్లు మీ దగ్గర పని నేర్చుకున్నవాడు. క్రైస్తవ ఇంటి పిల్లవాడు విగ్రహాలు చెక్కడమేమిటని మా సంఘంలో ఆడవాళ్లు గుసగుసలాడుకుంటుంటే నాకు తల తీసేసినట్టుండేది. అంతలో సంఘానికి వచ్చే ఒక ఏజెంటు, రష్యాలో పాత చర్చిలు బాగుచేసే పనికి రాతిపనివాళ్లు కావాలట అన్నాడు. అతని పేరు రాయను, రాస్తే కాగితం మాసిపోతుంది. నాకైతే ఆకాశం తెరుచుకున్నట్టే అయింది. బొమ్మలు చెక్కే చెయ్యి దేవుని మందిరం కడుతుందని వారం రోజులు కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాను. వాడు పోనంటే పోనన్నాడు. నేనే పంపించాను.

ఆ రోజు మీరు నన్ను ఒక్క మాటా అనలేదు. గాటు పెడుతున్న రాయి మీద నుంచి తల కూడా ఎత్తకుండా, "పోతే పోనీలేమ్మా. వాని ఎడమచెయ్యి కుదిరేకి నాకు నాలుగేండ్లు పట్టింది. ఆడ ఎవరు చూస్తారో ఏమో" అన్నారు. నాకది కడుపుమంట మాటలా వినిపించింది. వాడు బయలుదేరే ముందు మీరిచ్చిన ఏడు ఉలులూ, సుత్తీ బట్టల అడుగున సర్దుకుంటుంటే కూడా కసిరాను. పనివాడు ఉలి వదిలి ఊరు దాటకూడదని మా గురువు చెప్పినాడక్కా అన్నాడు.

వాడు ఇక్కడికి వచ్చిన కొత్తలో పంపిన ఫోటోలు పట్టుకుని మళ్లీ మీ దగ్గరకే వచ్చాను, గుర్తుందా. గర్వం చూపించుకోవడానికి వచ్చాను, ఒప్పుకుంటున్నాను. తెల్లరాతి గోడ, దాని మీద సింహాలు, పక్షులు, పక్కన మనవాడు. ఇది నా పనే అక్కా అని కింద రాశాడు. మీరు అద్దాలు తుడుచుకుని, ఫోను దగ్గరకు లాక్కుని చాలాసేపు చూశారు. "ఇది మనోని చెయ్యి కాదమ్మా" అన్నారు. కుడిచేతివాళ్ల ఉలిగాట్లు కుడి నుంచి ఎడమకు వాలి దిగుతాయని, వాడివి ఎడమ నుంచి కుడికి దిగుతాయని, మూరెడు దూరం నుంచే చెప్పొచ్చని వివరించారు. నేను వినలేదు. ఫోను లాక్కుని బస్సెక్కాను.

ఈ ఏడు మార్చి నుంచి ఫోటోల్లో మనవాడు కనపడడం మానేశాడు. ఆదివారం ఆదివారం ఒక చర్చి బొమ్మ వస్తుంది, కింద ఒకటే మాట. "అక్కా, నేను బాగుండా. పని ఎక్కువ. దిగులు పడొద్దు." ప్రతి వారం అదే, ఒక్క అక్షరం అటూ ఇటూ కాదు. ఫోన్ చేస్తే ఎత్తడు. దీవెన చేసినా ఎత్తడు. పెళ్లాం మీద కోపమేమో అనుకున్నాం, పనిలో పడి మారిపోయాడేమో అనుకున్నాం. జూలైలో వచ్చిన ఫోటోలో చర్చి మీద మూరెడు మంచు. ఎనిమిదో తరగతికి రుతువులు చెప్పేదాన్ని నేను. జూలైలో అక్కడ ఎండాకాలం.

ఏజెంటు దుకాణానికి తాళం. ఆఫీసుల చుట్టూ తిరిగితే కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి వేశారు. ఇంతలో హైదరాబాదు నుంచి పాత చర్చిలు, మఠాలు చూపించే యాత్ర ఒకటి బయలుదేరుతోందని తెలిసింది. దసరా సెలవులు కలిసొచ్చాయి. దీవెనకు యాత్ర అనే చెప్పాను. అసలు సంగతి మీకు ఒక్కరికే రాస్తున్నాను, ఎందుకంటే వాడి చేతిని గుర్తుపట్టగలిగినవాళ్లు ఈ భూమి మీద మీరొక్కరే. నోటుబుక్కులో రాసి, పేజీలు ఫోటో తీసి, హోటల్లో నెట్ వచ్చినప్పుడు అర్చన ఫోనుకు పంపుతాను. దుమ్ముకు మీ కళ్లు మసకబారాయి కదా, అర్చనే చదివి వినిపిస్తుంది.

ఈ రోజు ఆ తెల్లరాతి చర్చి దగ్గరే ఉన్నాను. ఎనిమిది వందల ఏళ్ల కిందటిది. అన్నా, గోడ నిండా బొమ్మలే. తోకలు తీగలై పూలు పూసిన సింహాలు, మెడలు పెనవేసుకున్న పక్షులు, గుర్రాల మీద మనుషులు, నడుమ దావీదు రాజు. మీ మకరతోరణాలను ఇక్కడెవరో చూసిపోయినట్టుంది. బొమ్మల నుంచి తప్పించాలని తమ్ముణ్ణి ఇక్కడికి పంపిన నన్ను చూసి గోడ నవ్వుకుంటోందేమో అనిపించింది. పాతవి నల్లబడ్డాయి, బాగుచేసినచోట రాయి పాలలా తెల్లగా ఉంది. కొత్త రాళ్లన్నిటినీ అందినంత మేరకు చూశాను. గాట్లన్నీ కుడి నుంచి ఎడమకే.

మా గైడు లేనా అని ముప్పై ఏళ్ల పిల్ల, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. ఆమెను వెంటబెట్టుకుని అక్కడి ఆఫీసుకు పోయి అడిగాను. పెద్దామె ఒకావిడ రిజిస్టర్లు తిరగేసి, తాను ఇక్కడ పనిచేస్తున్న ఇంతకాలంలో ఇండియా నుంచి రాతిపనివాడెవరూ రాలేదని చెప్పింది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. మనవాడు నిలబడి ఫోటో దిగిన చోటు కనిపెట్టి నేనూ నిలబడ్డాను. మా గుంపులో కర్నూలు నుంచి వచ్చిన రిటైర్డు బ్యాంకు ఆయన ఫోటో తీశాడు. వాడి వెనకున్న సింహమే నా వెనకా ఉంది.

రేపు సుజ్దల్ అనే ఊరికి పోతాం. వాడి ఫోటోల్లో సగం ఆ ఊరివే.

ఇట్లు,
మీ మాట వినని చెల్లెలు
లూదియా

సుజ్దల్
26 సెప్టెంబరు 2025, శుక్రవారం

చెన్నకేశవులు అన్నకు లూదియా నమస్కరించి వ్రాయునది.

నేను క్షేమమే. మీరు జవాబు పంపుతారని అనుకోలేదు. గోడ ఫోటోలు పెద్దవి చేసి చూశానని, ఒక్క గాటూ మనవాడిది కాదని, అయినా చూడడం మానొద్దని మీరు చెప్పినట్టు అర్చన రాసింది. ఆ ఆఖరి మాట పట్టుకునే ఈ రెండు రోజులూ తిరిగాను.

ఈ ఊరు చూస్తే మీకు నచ్చుతుంది. మన సంజామల కంటే పెద్దదేమీ కాదు. ఎటు తిరిగినా చర్చి గోపురమే, నీలం మీద బంగారు చుక్కలు పెట్టినవి, ఆకుపచ్చవి, చెక్కతో కట్టినవి. నడుమ చిన్న ఏరు. ఆకులన్నీ పసుపుపచ్చగా రాలుతున్నాయి. రోడ్డు పక్కన ముసలమ్మలు బుట్టల్లో దోసకాయలు పెట్టుకుని అమ్ముతారు. ఇంత అందమైన ఊరిలో నాకు ఊపిరాడలేదన్నా. ప్రతి మలుపూ ఫోన్లో చూసిందే. ఇక్కడ వాడుంటాడు, ఇక్కడ వాడుంటాడు అనుకుంటూ తిరిగి చూస్తే గోడే ఉంటుంది.

నిన్న జరిగింది చెబుతాను. మీరు మూఢనమ్మకం అనరు, అందుకని మీకే చెబుతున్నాను. మా సంఘంలో చెబితే పాస్టరుగారు ప్రార్థన పెట్టిస్తారు.

కన్యాస్త్రీల మఠం ఒకటి ఉంది, గోడలన్నీ సున్నం వేసినట్టు తెల్లగా. లోపల చర్చిలో ఆరాధన జరుగుతోంది. ఆడవాళ్లు తలగుడ్డలు కట్టుకుని, ఒక్కొక్కరు ఒక్కో పటం ముందు సన్నటి మైనపు వత్తులు వెలిగిస్తున్నారు. మా గుంపులోవాళ్లందరూ కొన్నారు, నేనూ కొన్నాను. కొని చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. మా నంద్యాల చర్చిలో పటం అన్నది ఉండదు, మీకు తెలుసు. సిలువ ఒక్కటే. పటం ముందు దీపం పెట్టడమంటే నాకు చెయ్యి రాదు. అటూ ఇటూ చూస్తే ఒక మూల ఎత్తు తక్కువ చదరపు బల్ల, దాని మీద వత్తులు గుచ్చే గుంతలు, వెనక అంచున చిన్న సిలువ కనపడ్డాయి. ఇది మనది అనుకున్నాను. నేరుగా అక్కడికే పోయి, వత్తి వెలిగించి, కళ్లు మూసుకుని, ప్రభువా మా అజయ్‌ను కనపరచు అని తెలుగులోనే ప్రార్థన చేశాను.

ఎవరో కొంగు లాగినట్టయింది. ఒక ముసలమ్మ. నా ముఖంలోకి జాలిగా చూస్తూ ఏదో అడిగింది. లేనా పక్కకు వచ్చి, ఎవరి కోసం వెలిగించారని అడుగుతోంది అంది. మా తమ్ముడి కోసం అన్నాను. ముసలమ్మ నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని ఇంకేదో అడిగింది. ఈసారి లేనా నా వైపు చూసి, వత్తి వైపు చూసింది. చెప్పమ్మా అన్నాను.

"మీ తమ్ముడు ఎప్పుడు చనిపోయాడని అడుగుతోంది."

అన్నా, ఆ చదరపు బల్ల పోయినవాళ్ల కోసమట. బ్రతికున్నవాళ్లకు పటాల ముందర వెలిగించాలట. సిలువ కనపడితే చాలు మనదనుకుని పోయేది మా ప్రొటెస్టెంటులే కదా, ఆ చర్చిలో ఇంకెవరికీ రాని పొరపాటు నాకే వచ్చింది. నేను ఏమన్నానో గుర్తులేదు, తెలుగులోనే గట్టిగా అరిచినట్టున్నాను, ఆరాధనలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ముసలమ్మకు భాష రాకపోయినా అర్థమైంది. గబగబా ఆ వత్తి పీకి, వేళ్లతో నలిపి ఆర్పేసింది. తన డబ్బాలోంచి కొత్తది తీసి నా చేతికిచ్చి, బిడ్డనెత్తుకున్న తల్లి పటం ముందుకు నడిపించుకుపోయింది. దగ్గరుండి వెలిగించింది. యాభై ఒక్క ఏళ్లు వచ్చాక బొమ్మ ముందు దండం పెట్టుకున్నాను. మీ ముందర అరిచిన మాటలన్నీ అక్కడ గుర్తొచ్చాయి.

బయటికి వచ్చాక లేనా నన్ను టీ తాగిద్దామని అంగళ్ల వరుస వైపు తీసుకుపోయింది. అక్కడ ఒక కొట్లో తిరిగే స్టాండు నిండా పోస్టుకార్డులు. ఊరికే చూశాను. మొదటి వరుసలో మూడోది, మేలో వచ్చిన ఫోటో. దాని కింద జూన్‌లో వచ్చింది. స్టాండు తిప్పాను. జూలైలో వచ్చిన మంచు చర్చి. ఫోన్ తీసి ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూశాను. మార్చి నుంచి నాకు వచ్చినవన్నీ ఆ స్టాండులో ఉన్నాయి. మేఘం కూడా అదే మేఘం.

అంటే ఎవరో పోస్టుకార్డు కొని, దాన్ని ఫోటో తీసి, ఆదివారం ఆదివారం నాకు పంపుతున్నారు. వాడే పంపుతుంటే గొంతు ఎందుకు వినిపించడు? వాడు కాకపోతే వాడి ఫోను ఎవరి చేతిలో ఉంది? లేనా పోలీసులకు చెబుదామంది. ఏమని చెప్పాలి? నా తమ్ముడు క్షేమమని ఎవరో ప్రతివారం చెబుతున్నారని ఫిర్యాదు చెయ్యనా?

ఎల్లుండి ఆదివారం. ఫోటో వస్తుంది. ఇన్ని నెలలు ఆదివారం కోసం కాచుకుని కూర్చున్నాను, ఈ ఆదివారం రావద్దని ఉంది.

దీవెనకు ఏమీ తెలియనివ్వకండి.

ఇట్లు,
లూదియా

సుజ్దల్
29 సెప్టెంబరు 2025, సోమవారం

చెన్నకేశవులు అన్నకు, వదినకు, అర్చనకు, దీవెనకు లూదియా వ్రాయునది.

మీరంతా బాగుండాలి.

అర్చన ఫోన్లో నా ఉత్తరాలు దీవెన చూసిందని, రెండు రోజులుగా అంగన్‌వాడీ కాగానే మీ ఇంటికి వచ్చి కూర్చుంటోందని అర్చన రాసింది. దాచినందుకు నన్ను తిట్టుకో దీవెనా, కానీ తినడం మానొద్దు. ఈ ఉత్తరం నీక్కూడా. అర్చన చదువుతుంటే వదిన పక్కన కూర్చుని విను.

శనివారం మమ్మల్ని ఇంకో పాత ఊరికి తీసుకుపోయారు. అక్కడి చర్చికీ ఒళ్లంతా చెక్కడాలే. ఎప్పుడో అది కూలిపోయిందట. తిరిగి కట్టినప్పుడు ఏ రాయి ఎక్కడిదో తెలియక అందినది అందినట్టు పేర్చారట. ఒక దేవదూత ముఖం పక్కన సింహం కాలు, రాజుగారి కిరీటం ఎక్కడో కింద. అందరూ వింతగా చూశారు. నేను ఆ గోడను చూడలేక వచ్చి బస్సులో కూర్చున్నాను.

నిన్న ఆదివారం ఉదయం టిఫిను దగ్గర ఉండగా ఫోటో వచ్చింది. అదే మాట, అక్కా నేను బాగుండా. పోస్టుకార్డు నేను మూడు రోజుల కిందట స్టాండులో చూసిందే. కానీ ఈసారి ఫోటో తీసినవాళ్లు తొందరలో తీశారు, కార్డు పక్కన కొంచెం ఎక్కువ పడింది. కార్డును ఒక నల్లరాతి పలక మీద పెట్టి తీశారు. పలక అంచుకు తీగ చెక్కి ఉంది. అన్నా, పెద్దది చేసి చూశాను. తీగ లోపలి గాట్లన్నీ ఎడమ నుంచి కుడికి దిగుతున్నాయి. మీరు చెప్పకముందే నేను గుర్తుపట్టాను. హోటల్లో అందరి ముందర ఏడ్చేశాను. బ్యాంకాయన భార్య నా సంగతి అడగకుండానే నీళ్లిచ్చింది.

పలక వెనక ఒక బోర్డు మూల కూడా పడింది. లేనా చదివి, స్మారక శిలలు అని రాసుందని, కింద ఫోన్ నంబరుందని చెప్పింది. అంటే సమాధి రాళ్లు చెక్కే చోటు. ఆమె ఫోన్ చేసి, అజయ్ అక్క ఇండియా నుంచి వచ్చిందని చెప్పింది. అవతల మనిషి రమ్మన్నాడట.

ఈ ఉదయం గుంపును వదిలి లేనా, నేను కారులో రెండు గంటలు పోయాం. ఊరి పేరు రాయను. అక్కడా తెల్లటి గోడల మఠం ఒకటి ఉంది, దాని వెనక రేకుల షెడ్డు. రస్తా పొడుగునా నల్లరాతి పలకలు నిలబెట్టి ఉన్నాయి, పాలిష్ చేసినవి. నేను నడుస్తుంటే ఒక్కోదాంట్లో నా ముఖం కనపడి పోతూ ఉంది. షెడ్డులో ఉన్నాయన పేరు రుస్తాం. యాభై దాటిన మనిషి, ఆయనదీ ఈ దేశం కాదు, ఉజ్బెకిస్తాన్. నన్ను చూడగానే టోపీ తీసి పలుగుపారల పక్కన నిలబడ్డాడు. ముందర టీ పెట్టాడు. మాట తర్వాత చెప్పాడు.

చర్చిలు బాగుచేసే పని అన్నది ఉత్తదేనట. మనవాడు దిగిన మొదటి రోజే ఈ షెడ్డుకు తెచ్చి వదిలారట. ఏజెంటు సంతకం పెట్టించిన కాగితంలో సమాధి రాళ్ల పని అని ఉందట, రష్యా భాషలో. మరి ఇంటికి ఎందుకు చెప్పలేదని అడిగాను. రుస్తాం చెప్పింది లేనా మెల్లగా చెప్పింది.

"మా అక్క నేను దేవుని ఇల్లు కడతాండానని ఊరంతా చెప్పుకుంది, ఆమెకు ఇదెట్ల చెప్పేది అనేవాడట."

అందుకే సెలవు రోజున టిక్కెట్టు కొనుక్కుని పోయి, పాత చర్చిల ముందు నిలబడి ఫోటోలు దిగి నాకు పంపేవాడట. నా తమ్ముడు నాకు భయపడి అబద్ధం ఆడాడు దీవెనా. ఇందులో నీ తప్పు గానీ, నీతో కోపం గానీ ఏమీ లేవు. అది నువ్వు తెలుసుకోవాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

పనిలో మాత్రం వాడే పెద్దయ్యాడట. ఇక్కడ అక్షరాలన్నీ మిషనుతో కోస్తారు, తీగలు, పూలు, సిలువలు చేత్తో చెక్కేది మనవాడొక్కడే. ఊర్లోవాళ్లు ఎడమచేతి ఇండియా ఆయనతోనే చెక్కించమని అడిగి మరీ వచ్చేవాళ్లట. అన్నా, మీ నాలుగేళ్ల కష్టం ఎవరూ చూడకుండా పోలేదు. ఈ ఊరి ముసలివాళ్లు చూశారు.

ఈ మార్చిలో ఎవరో వచ్చి ఇంకో కాగితం పెట్టారట. అదీ రష్యా భాషలోనే. తొందరగా ఇంటికి పోవచ్చని చెప్పారట. సంతకం చేసి, షెడ్డు పని మానేసి, దక్షిణం వైపు వేరే పనికి పోయాడట. అక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరని తన ఫోను రుస్తాంకు ఇచ్చి, నేను తిరిగొచ్చేదాకా ఆదివారం ఆదివారం మా అక్కకు ఒక చర్చి బొమ్మ పంపు, లేకపోతే భయపడుతుంది అని చెప్పిపోయాడట. కింద రాసే మాట కూడా ఫోన్లో పెట్టిపోయాడట. రుస్తాంకు మన అక్షరాలు తెలియవు. మాట ఇచ్చాడు కనుక పంపుతూ వచ్చాడు. ఫోటోలు పంపిన చెయ్యి అది. మంచి మనిషి, ఆయన మీద ఎవరూ కోపం పెట్టుకోవద్దు.

మనవాడు చెక్కిన రాళ్లు మఠం గోడ పక్కన వరుసగా ఉన్నాయి, పోయి చూశాను. మీరిచ్చిన ఏడు ఉలులూ, సుత్తీ రుస్తాం ఒక తువ్వాల్లో చుట్టి జాగ్రత్తగా ఉంచాడు. సుత్తి పిడి మీద ఎడమచేతి వేళ్లు పడినచోట నున్నగా అరిగిపోయింది. అవి నా సంచిలో ఉన్నాయి. తెస్తున్నాను.

గురువారం విమానం. శుక్రవారం సాయంత్రానికి ఆళ్లగడ్డలో ఉంటాను. నంద్యాలలో దిగను, నేరుగా మీ దగ్గరకే వస్తాను. మిగతావి వచ్చాక మాట్లాడుకుందాం. దీవెనా, అంతవరకు వదిన దగ్గరే ఉండమ్మా. ఒక్కదానివే ఇంటికి పోవద్దు.

ఇట్లు,
మీ చెల్లెలు
లూదియా

తా.క.: అర్చనా, ఇక్కడితో చదవడం ఆపి, ఈ పేజీ పెద్దది చేసి ఫోను నాయన చేతికివ్వు. దీవెన అడిగితే పేజీ మసకగా వచ్చిందని చెప్పు.

అన్నా, ఉలుల దగ్గరికి వచ్చేసరికే మీకు తెలిసిపోయి ఉంటుంది. పైన రాసిందంతా నిజమే. రాయలేకపోయింది ఇది.

వాణ్ణి పంపింది యుద్ధానికి. ఏప్రిల్ అంతా అక్కడే. జూన్ మొదటి వారంలో మూసిన పెట్టె ఒకటి ఈ షెడ్డుకు వచ్చింది. కాగితాల్లో ఇంటి అడ్రసు లేదు, షెడ్డు అడ్రసే ఉందట. ఇంటివాళ్లకు ఆఫీసువాళ్లు చెబుతారని రుస్తాం అనుకున్నాడు. ఎవరూ చెప్పలేదని, నేను ఆదివారం ఫోటోకు జవాబు పెట్టినప్పుడల్లా ఆయనకు తెలుస్తూనే ఉంది. ఫోటో ఆపితే నాకు తెలిసిపోతుందని, ఆపడానికి చేతులు రాలేదని ఏడ్చాడు.

రాళ్ల వరుస వెంట వేళ్లు ఆనిస్తూ నడిచాను, మీరు రాయిని చూసేటప్పుడు చేసినట్టే. ఇరవై ఆరు రాళ్లు. ఎడమ నుంచి కుడికి, ఎడమ నుంచి కుడికి. వాడి చెయ్యి పట్టుకుని నడుస్తున్నట్టే ఉంది. ఇరవై ఏడో రాయి మీద వేళ్లు ఆగిపోయాయి. గాట్లు ఇటు నుంచి అటు. కుడిచెయ్యి. ఆ రాయి రుస్తాం చెక్కాడు.

రేపు సుజ్దల్‌లోని ఆ కన్యాస్త్రీల మఠం చర్చికి మళ్లీ పోతాను. ఎక్కడ వెలిగించాలో ఇప్పుడు తెలుసు. ఆ ముసలమ్మ ఉంటే ఆమె అడిగినదానికి జవాబు కూడా చెబుతాను. దీవెనకు మాత్రం మీరే చెప్పాలన్నా. నేను రాకముందే, మీరు, వదిన కలిసి, పగటిపూట, పక్కన కూర్చుని చెప్పండి. వాణ్ణి మీ దగ్గర నుంచి లాక్కుపోయిన నోటితో నేను ఆ మాట చెప్పలేను.

రాయి మీద వాడి పేరు రష్యా అక్షరాల్లో ఉంది. దాని కింద ఒక వరుస తెలుగులో ఉంది. రుస్తాం వాడి భాషలో ఏదైనా ఉండాలనుకున్నాడట. తన దగ్గర ఉన్న తెలుగంతా ఫోన్లో ఆదివారం పంపే ఆ మాటే. అర్థం తెలియకపోయినా అక్షరం అక్షరం చూసి, వంకర్లు పోనివ్వకుండా, మూడు రోజులు చెక్కాడట.

"అక్కా, నేను బాగుండా."

అందులో ఏం రాసుందని నన్ను అడిగాడు. ప్రార్థన అని చెప్పాను.